హరిత వృత్తులు – ఉత్తరాంధ్ర మహిళలు

మనిషి వాడి పారవేసిన వస్తువును మరల తనలో కలుపుకొనే శక్తి భూమికి ఉన్నది. అయితే ఆ శక్తికి ఒక హద్దు కూడా ఉన్నది. భోజనం ముగిసిన తరువాత పెరటి గుంటలో వేసిన అడ్డాకు విస్తరి కొంతకాలానికి మట్టిలో కలిసి ఎరువవుతుంది. అదే గుంటలో వేసిన ప్లాస్టిక్ పళ్లెం తరాలు మారినా తన రూపాన్ని విడువదు. భూమికి, నీటికి, గాలికి హాని కలిగించకుండా, దొరికిన వనరు తరిగిపోకుండా కాపాడుకొంటూ వస్తువులను తయారుచేసి అమ్ముకొనే పనులను నేడు ‘హరిత వృత్తులు’ అని పిలుస్తున్నారు. పేరు కొత్తదే కాని పని పాతది. విస్తళ్లు కుట్టడం, నూలు వడకడం, కొబ్బరి పీచుతో తాళ్లు పేనడం, పేడతో ఎరువు తయారుచేయడం వంటివి తరతరాలుగా మన పల్లెలలో ఎక్కువగా స్త్రీల చేతుల మీదుగా సాగుతున్న పనులే.

ఈ పనులను మెచ్చుకోనివారు లేరు. పర్యావరణ దినోత్సవ సభలలో వక్తలు వీటిని కొనియాడుతారు. పాఠశాలల్లో పిల్లలు వీటిపై వ్యాసాలు రాస్తారు. కాని ఈ పనిని నమ్ముకొన్న స్త్రీకి రోజుకూలి గిట్టుతున్నదా అని అడిగేవారు అరుదు. భూమికి మేలు చేసే వస్తువు చేతితో తయారవుతుంది కాబట్టి దానికి ఎక్కువ సమయం, ఎక్కువ శ్రమ అవసరం. కొనేవారు మాత్రం యంత్రంలో తయారైన వస్తువు ధరకే అది కావాలంటారు. ఈ రెండింటి మధ్య ఏర్పడే తేడాను ఎవరో ఒకరు భరించక తప్పదు. నేడు దానిని భరిస్తున్నది ఆ వస్తువును తయారుచేసే స్త్రీయే. తన శ్రమకు రావలసిన కూలిలో కొంత వదులుకొని ఆమె ఆ తేడాను పూడుస్తున్నది. హరిత వృత్తులలో ఉన్న మహిళల సమస్యలు పైకి అనేకంగా కనిపించినా, వాటిలో చాలావరకు ఈ ఒక్క మూలం నుండే పుడుతున్నవి.

వనరులు – వృత్తులు

పడమట తూర్పు కనుమలు, తూర్పున బంగాళాఖాతం, నడుమ నాగావళి, వంశధార నదులు పారే నేల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ రెండింటి కొండప్రాంతాలను కలిపి పార్వతీపురం మన్యం జిల్లాను ఏర్పాటు చేశారు. కొండ, మైదానం, సముద్రతీరం మూడూ ఒకచోట ఉండడం వలన ఇక్కడి వృత్తులలో కూడా వైవిధ్యం ఏర్పడింది.

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ప్రాంతాలలోని సవర, జాతాపు స్త్రీలు అడవి నుండి అడ్డాకు, చింతపండు, కొండచీపుళ్లు సేకరిస్తారు. మైదానంలోని పొందూరు సన్నని ఖాదీకి దేశమంతటా పేరుపొందింది. తీరం వెంబడి ఉన్న ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు విస్తారంగా ఉన్నాయి. అక్కడ కొబ్బరి పీచు మీద ఆధారపడిన పని దొరుకుతుంది. ఇక ప్రకృతి వ్యవసాయం వ్యాపించిన గ్రామాలలో పొదుపు సంఘాల స్త్రీలు జీవామృతం, కషాయాలు తయారుచేసి రైతులకు అమ్ముతున్నారు. ఈ నాలుగు పనుల స్వభావం వేరు. వాటిలోని కష్టం మాత్రం దాదాపు ఒక్కటే.

ముడిసరుకు

ఏ వృత్తికైనా ముడిసరుకు మూలం. హరిత వృత్తులలో అది కర్మాగారం నుండి కాక ప్రకృతి నుండి వస్తుంది. కనుక కావలసినప్పుడు కావలసినంత దొరకదు.

అడ్డ అనేది పెద్ద చెట్లను అల్లుకొని పెరిగే బలమైన తీగ. దాని ఆకు వెడల్పుగా, కొన చీలి ఉంటుంది. తీగను నరకకుండా ఆకును మాత్రమే కోస్తే అది మరల చిగురిస్తుంది. ఆకు కోసే స్త్రీలకు ఈ సంగతి బాగా తెలుసు. కాని అడవి పలుచబడేకొద్దీ ఆకు దూరమవుతున్నది. ఒకప్పుడు ఊరికి ఆనుకొని దొరికిన ఆకు కోసం నేడు కొండ ఎక్కవలసి వస్తే, ఆ నడకకు ఎవరూ వెల కట్టరు. వానాకాలంలో ఆకు సరిగా ఆరదు, బూజు పడుతుంది. ఎండాకాలంలో ఎక్కువగా ఆరితే పెళుసుబారి కుట్టేటప్పుడు చిరుగుతుంది.

2006లో వచ్చిన అటవీహక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించుకొనే, అమ్ముకొనే హక్కును గిరిజనులకు, సంప్రదాయ అటవీవాసులకు కల్పించింది. 1956లో విశాఖపట్టణం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి నుండి ఈ ఉత్పత్తులను కొనుగోలు చేస్తున్నది. దళారుల దోపిడీని అరికట్టడానికి ఇవి ఉపకరించాయి. అయినా ఒక చిక్కు మిగిలింది. ఆకును ఆకుగానే అమ్మితే వచ్చే ధర తక్కువ. దానిని విస్తరిగా, దొన్నెగా మార్చి అమ్మితే ధర పెరుగుతుంది. ఆ మార్పు కొండమీది పల్లెలో కాక పట్నంలోని యంత్రం దగ్గర జరిగినప్పుడు, పెరిగిన ధర కూడా పట్నంలోనే మిగిలిపోతుంది.

పొందూరులో ఈ సమస్య మరొక రూపంలో ఉన్నది. అక్కడి సన్నని నూలుకు స్థానికంగా పండే కొండపత్తి వంటి దేశవాళీ పత్తులు కావాలి. వీటి దిగుబడి తక్కువ కాబట్టి రైతులు ఇతర పంటలకు మళ్లుతున్నారు. పత్తిని శుభ్రపరచడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడడం ఈ ఊరి ప్రత్యేకత. దాని సన్నని పళ్లు దువ్వెనవలె పనిచేసి, పత్తిలోని నలుసులను తొలగించి, పోగులను ఒక వరుసకు తెస్తాయి. ఆ దవడ సైతం అన్ని చోట్ల దొరికే వస్తువు కాదు. ఒక పత్తి పంట, ఒక చేప దవడ, ఒక చేతి నేర్పు – ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ నూలు లేదు.

కనిపించని కూలి

పొందూరు స్త్రీ చేసే పనిని గమనిస్తే చేతివృత్తిలో దాగిన శ్రమ ఎంతటిదో తెలుస్తుంది. ముందుగా పత్తిని చేప దవడతో దువ్వాలి. తరువాత గింజ తీయాలి. చిన్న వింటితో దూదిని ఏకాలి. దానిని ఏకులుగా చుట్టి, మాసిపోకుండా అరటి డొప్పలో భద్రపరచాలి. అటుపిమ్మట ఒకే కదురు గల సంప్రదాయ రాట్నంపై వడకాలి. ఇన్ని దశలు దాటిన తరువాతనే నూలు మగ్గానికి చేరుతుంది.

నూలు సన్నదనాన్ని ‘కౌంటు’లతో కొలుస్తారు. 840 గజాల నూలును ఒక చిలప అంటారు. ఒక పౌండు, అనగా సుమారు 454 గ్రాముల బరువుకు ఎన్ని చిలపలు తూగితే అది అన్ని కౌంట్ల నూలు. పొందూరు సన్నఖాదీకి 100 కౌంట్ల స్థాయి నూలు వడుకుతారు. ఈ లెక్కన ఒక పౌండు పత్తి నుండి 84,000 గజాల దారం తీయాలి. ఇది దాదాపు 77 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుండి విజయనగరం వరకు ఉన్న దారి పొడవునా పరచినా ఇంకా మిగిలే దారం అది. అంత దారమూ ఒక స్త్రీ వేళ్ల నడుమ నుండి జారవలసినదే. ‘చంద్రునికో నూలుపోగు’ అని తేలికగా అనుకొనే ఆ పోగు వెనుక ఇంత పని ఉన్నది.

గాంధీజీ ఈ ఊరి ఖాదీని మెచ్చుకొన్న సంగతి ప్రసిద్ధం. 1949లో పొందూరులో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడి, వడికేవారికి, నేసేవారికి ఆధారంగా నిలిచింది. అయితే ఖాదీ ఉద్యమ చరిత్రలో అంతగా ప్రచారంలోకి రాని విషయం ఒకటి ఉన్నది. ఖాదీని చౌకగా అమ్మాలన్న తాపత్రయంలో వడికే స్త్రీకి అతి స్వల్పమైన కూలి దక్కుతున్నదని గాంధీజీ గుర్తించారు. ఎనిమిది గంటలు వడికిన వారికి బ్రతుకుతెరువుకు సరిపడే కూలి అందాలని ఆయన పట్టుబట్టారు. 1935లో అఖిల భారత చరఖా సంఘం ఆ సూత్రాన్ని అంగీకరించి తీర్మానించింది. కూలి పెంచితే ధర పెరుగుతుందని, ధర పెరిగితే అమ్మకం పడిపోతుందని కొందరు భయపడ్డారు. కొనేవారి సౌకర్యం కోసం వడికేవారిని పస్తులుంచడం న్యాయం కాదన్నది గాంధీజీ వాదం. తొంబై ఏండ్లు గడచినా, హరిత వస్తువు విషయంలో అదే ప్రశ్న నేటికీ మిగిలి ఉన్నది.

ఈ కూలి కనిపించకుండా పోవడానికి స్త్రీలు వేసుకొనే లెక్క కూడా ఒక కారణం. ఉదాహరణకు ఒక స్త్రీ 200 విస్తళ్లు కుట్టి 300 రూపాయలకు అమ్మిందనుకొందాం. పుల్లలకు, బస్సు చార్జీలకు 60 రూపాయలు ఖర్చయినవి అనుకొందాం. మిగిలిన 240 రూపాయలు లాభమని ఆమె సంతోషిస్తుంది. ఆకు కోయడానికి ఒక రోజు, కుట్టడానికి ఒక రోజు పట్టిందన్న విషయం లెక్కలోకి రాదు. ఆ రెండు రోజులనూ కలిపితే ఆమెకు రోజుకు దక్కినది 120 రూపాయలు మాత్రమే. 2024–25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధిహామీ పనికి నిర్ణయించిన రోజుకూలి 300 రూపాయలు. అంటే లాభమనుకొన్నది నిజానికి నష్టం. మందుసామాను కొంటే ఖర్చు రాసుకొంటాం, బండికి కిరాయి ఇస్తే ఖర్చు రాసుకొంటాం. సొంత చేతుల పని మాత్రం పుస్తకానికి ఎక్కదు. 

అసమానమైన పోటీ

చౌకైన వస్తువు ఎందుకు చౌకగా ఉన్నదో ఆలోచించవలసిన అవసరం ఉన్నది. ప్లాస్టిక్ పళ్లెం ధరలో దానిని తయారుచేసిన ఖర్చు మాత్రమే ఉంటుంది. అది కాలువకు అడ్డుపడితే తీసే పారిశుద్ధ్య కార్మికుని కూలి, దానిని మింగి ప్రాణం పోగొట్టుకొన్న పశువు వెల ఆ ధరలో చేరవు. వాటిని ఊరు భరిస్తుంది. విస్తరి విషయంలో ఊరికి అటువంటి ఖర్చు లేదు. అయినా అంగట్లో ప్లాస్టిక్ పళ్లెమే చౌక అనిపించుకొంటుంది.

వ్యవసాయంలో ఈ అసమానత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని విస్తరింపజేయడం మొదలుపెట్టింది. ఈ పద్ధతిలో ద్రవజీవామృతం ముఖ్యమైనది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 నుండి 10 లీటర్ల ఆవుమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు మంచి మట్టి కలిపి, నీడన ఉంచి, ప్రతిదినం కలియబెట్టి దీనిని తయారుచేస్తారు. ఇది మట్టిలోని సూక్ష్మజీవులను వృద్ధిచేస్తుంది. పురుగుల నివారణకు వేపాకుతో నీమాస్త్రం, మరికొన్ని చేదు ఆకులతో బ్రహ్మాస్త్రం తయారుచేస్తారు. పశువులు లేని రైతులకు, తీరిక లేని రైతులకు వీటిని తయారుచేసి అమ్మే దుకాణాలను చాలాచోట్ల పొదుపు సంఘాల స్త్రీలు నడుపుతున్నారు.

ఈ దుకాణం పోటీ పడవలసినది యూరియా బస్తాతో. 45 కిలోల యూరియా బస్తా ధరను పన్నులు, వేపపూత రుసుము కాక 242 రూపాయలుగా 2018లో నిర్ణయించారు. ఉత్పత్తి ఖర్చులో పెద్దభాగాన్ని కేంద్ర ప్రభుత్వం సబ్సిడీగా భరించడం వలననే అది ఆ ధరకు దొరుకుతున్నది. రైతును ఆదుకొనడానికి అది అవసరమే కావచ్చు. కాని పేడ ఎత్తి, మూత్రం పట్టి, ఆకులు దంచి, కాచి, వడపోసిన స్త్రీ శ్రమకు అటువంటి అండ లేదు. పైగా గ్రామంలో పేడకు వెల ఏమిటన్న భావన పాతుకొనిపోయింది. ఇరుగుపొరుగు రైతులు అప్పుగా పట్టుకొనిపోయి, పంట ఇంటికి వచ్చిన తరువాత ఇస్తామంటారు. ఊరిలోనివారు, వరుసకు అన్నదమ్ములో, మామలో అయిన వారిని గట్టిగా అడగడానికి ఆమెకు నోరు రాదు.

పెట్టుబడి

అప్పు దొరకక వ్యాపారం మొదలుపెట్టలేని స్థితి ఒకప్పటిది. 2000 సంవత్సరంలో ప్రపంచబ్యాంకు సాయంతో ‘వెలుగు’ పథకం మొదటి దశ ఆరు జిల్లాలలో ప్రారంభమైనప్పుడు, వాటిలో శ్రీకాకుళం, విజయనగరం కూడా ఉన్నాయి. స్వయం సహాయక సంఘాలు గ్రామసమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా బలపడినవి. 2004లో వచ్చిన పావలావడ్డీ పథకం, 2011లో ఏర్పడిన స్త్రీనిధి సంస్థ వడ్డీవ్యాపారుల పట్టు సడలించడానికి తోడ్పడ్డాయి. పూచీకత్తు లేకుండా బ్యాంకు గడప తొక్కగల ధైర్యాన్ని ఈ సంఘాలు స్త్రీలకు ఇచ్చాయి.

అయితే కుటుంబ అవసరానికి తీసుకొనే అప్పు వేరు, వ్యాపారానికి కావలసిన పెట్టుబడి వేరు. సంఘానికి వచ్చిన మొత్తాన్ని సభ్యులందరూ సమానంగా పంచుకోవడం ఆనవాయితీ. ఐదు లక్షలు పదిమందికి పంచితే తలకు యాభైవేలు వస్తాయి. అది పిల్లల చదువుకో, ఇంటి మరమ్మతుకో సరిపోతుంది. విస్తరి అచ్చువేసే యంత్రం కొని, ఆకు నిల్వచేసి, సరుకు అమ్ముడుపోయేవరకు కాచుకొనడానికి చాలదు.

కాలం కూడా కలిసిరాదు. విస్తళ్లకు గిరాకీ పెళ్లిళ్ల మీద ఆధారపడి ఉంటుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వంటి ముహూర్తాల నెలలలో సరుకు చాలదు. మూఢం వస్తే కొనేవారు ఉండరు. బ్యాంకు వాయిదాకు మాత్రం మూఢం లేదు. ప్రతి నెలా ఒకే మొత్తం చెల్లించవలసిందే. చెల్లింపు తప్పితే ఆమె ఒక్కతెకే కాక సంఘమంతటికీ మాట వస్తుంది. అందువలన చాలామంది స్త్రీలు వ్యాపారాన్ని పెంచగలిగిన అవకాశం వచ్చినా చిన్నదిగానే ఉంచుకొంటారు. దానిని తెలివితక్కువతనం అనరాదు. అది వారి జాగ్రత్త. 2013–14లో జరిపిన ఆరవ ఆర్థికగణన వివరాల ప్రకారం దేశంలోని మొత్తం వ్యాపార సంస్థలలో మహిళల యాజమాన్యంలోనివి సుమారు 14 శాతం. వాటిలోనూ 83 శాతం కూలికి మనుషులను పెట్టుకోకుండా సొంత శ్రమతో నడిచేవే.

సమయం – ఆస్తి

పురుషునికి వ్యాపారం ఒక పని. స్త్రీకి అది ఇంటిపని ముగిసిన తరువాత మిగిలిన వేళలో చేసే రెండవ పని. 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే దీనిని అంకెలలో చూపింది. కూలి లేని ఇంటిపనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించగా, ఆ పనులు చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అంటే స్త్రీ దుకాణం తలుపు తెరిచేలోపే ఐదు గంటల పని ఆమె కోసం కాచుకొని ఉంటుంది. శిక్షణ తరగతి జిల్లా కేంద్రంలో మూడు రోజులు జరిగితే, ఇంటిలో వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న దగ్గరే ఎందరో ఆగిపోతారు.

ఆస్తి విషయం కూడా ఇటువంటిదే. తండ్రి ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమానహక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోకి వచ్చింది. దేశమంతటికీ అటువంటి చట్టం 2005లో వచ్చింది. చట్టం ముందే వచ్చినా, పెళ్లి సమయంలో ఇచ్చినదే వాటా అన్న మాట నేటికీ వినిపిస్తుంది. భూమి కాగితం భర్త పేరుననో, మామగారి పేరుననో ఉంటే షెడ్డు వేయడానికి, కరెంటు మీటరు తీసుకోవడానికి, పెద్ద అప్పు పొందడానికి వారి సంతకం కావాలి. పని ఆమెది, సంతకం మరొకరిది అయినప్పుడు నిర్ణయం కూడా మరొకరిది కావడం సహజం.

ప్రకృతి వైపరీత్యాలు

ప్రకృతిని నమ్ముకొన్న వృత్తికి ప్రకృతి ఆగ్రహించినప్పుడు తగిలే దెబ్బ కూడా పెద్దది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలినవి. వరి పోతే మరుసటి సంవత్సరం మరల నాటుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదారేండ్లకు పైగా పడుతుంది. తోట గలవారికి నష్టపరిహారం లెక్కకట్టడానికి చెట్ల సంఖ్య ఉన్నది. ఆ తోటలోని పీచుతో తాడు పేనుకొని బ్రతికే స్త్రీకి చెట్టు లేదు, పట్టా లేదు. ఆమె నష్టాన్ని రాసుకొనడానికి ఏ పట్టికలోనూ గడి లేదు. చిన్న వృత్తులకు బీమా అందకపోతే, ఒక్క గాలివాన పదేండ్ల పొదుపును తుడిచివేయగలదు.

మార్కెట్టు – నమ్మకం

2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు మొదలైనవాటిని కేంద్రప్రభుత్వం దేశమంతటా నిషేధించింది. విస్తరి కుట్టేవారికి ఇది మంచి అవకాశం. అయితే ఖాళీ అయిన చోటును ఆక్రమించడానికి పెద్ద పరిశ్రమలు కూడా సిద్ధంగా ఉన్నాయి. లోపల పలుచని ప్లాస్టిక్ పొర అంటించిన కాగితపు పళ్లేలు, గ్లాసులు చూడడానికి పర్యావరణ హితంగా కనిపిస్తాయి. కొనేవారికి తేడా తెలియదు. మిల్లు నూలుతో నేసిన బట్టను ఖాదీ పేరుతో అమ్మడం కూడా ఇటువంటిదే. దానిని అరికట్టడానికి 2013లో ఖాదీ మార్కు నిబంధనలు వచ్చాయి. నకిలీ వస్తువు చౌకగా అమ్ముడుపోయినప్పుడు అసలు వస్తువు ధర ఎక్కువన్న అపవాదు మోయవలసి వస్తుంది.

అసలుదని నిరూపించుకొనే భారం కూడా చిన్నవారి మీదనే పడుతున్నది. నాణ్యత ముద్రకు, సేంద్రియ ధ్రువపత్రానికి దరఖాస్తులు, పరీక్షలు, రుసుములు అవసరం. పెద్ద సంస్థకు అది ఒక గుమాస్తా పని. కొండమీది పల్లెలోని స్త్రీకి అది రెండు మూడు రోజుల కూలి, పట్నం ప్రయాణం, తెలియని భాషలోని కాగితం. దీనికి తోడు పెద్ద కొనుగోలుదారులు ఒకే కొలతలో వేలకొలది విస్తళ్లు ఒకేసారి కావాలంటారు. చేతితో కుట్టిన రెండు విస్తళ్లు అచ్చుగుద్దినట్లు ఒకేవిధంగా ఉండవు. ఏ ఒక్క స్త్రీయో ఈ గిరాకీని తీర్చలేదు.

చేయవలసినవి

సమస్య మూలం తెలిసిన తరువాత పరిష్కారం వైపు దృష్టి సారించవచ్చు. మొదటిది కూలిని లెక్కలోకి తేవడం. సంఘాలకు ఇచ్చే శిక్షణలో వస్తువు తయారీతో పాటు ధర కట్టే పద్ధతిని కూడా నేర్పాలి. ఆకు కోసిన గంటలు, నడచిన దూరం, చెడిపోయిన సరుకు ఇవన్నీ పుస్తకంలో చేరిన తరువాతనే అమ్మకపు ధర నిర్ణయించాలి. సంఘాలన్నీ ఒకే కనీస ధరకు కట్టుబడితే ఒకరితో ఒకరు పోటీపడి ధర తగ్గించుకొనే అవసరం ఉండదు.

రెండవది సమష్టి కృషి. 2018లో ప్రారంభమైన వన్‌ధన్ పథకం గిరిజన సంఘాలను సుమారు 300 మంది సభ్యుల కేంద్రాలుగా కూర్చి, అడవి ఉత్పత్తిని అక్కడే వస్తువుగా మార్చే అవకాశం కల్పించింది. ఆకు విస్తరిగా మారేది పల్లెలోనే అయితే పెరిగిన విలువ పల్లెకే దక్కుతుంది. అదేవిధంగా 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌లో 10,000 జీవ ఉత్పాదకాల కేంద్రాలు నెలకొల్పాలన్న లక్ష్యం ఉన్నది. వాటి నిర్వహణను, వాటి ఆదాయాన్ని కూడా మహిళా సంఘాలకు అప్పగిస్తే, ఇంతకాలం ఉచితంగా భావించిన శ్రమకు వెల ఏర్పడుతుంది.

మూడవది నికరమైన కొనుగోలు. అరసవల్లి, శ్రీకూర్మం, రామతీర్థం వంటి పుణ్యక్షేత్రాలకు ఏడాది పొడుగునా భక్తులు వస్తారు. ఇటువంటి ఆలయాల అన్నదానాలకు, ప్రభుత్వ సభలకు కావలసిన విస్తళ్లను స్థానిక సంఘాల నుండి ముందుగా ఒప్పందం చేసుకొని కొంటే, మూఢం రోజులలో కూడా పని సాగుతుంది. అప్పు వాయిదాలు కూడా అమ్మకాల కాలాన్ని బట్టి హెచ్చుతగ్గులుగా ఉండేట్లు బ్యాంకులు ఏర్పాటు చేయాలి. తుపాను పీడిత ప్రాంతాలలో చెట్టుతో పాటు చేతిపనికి కూడా బీమా వర్తించాలి.

ఇవన్నీ ప్రభుత్వాలు, సంస్థలు చేయవలసినవి. కొనేవారు చేయవలసినది కూడా ఉన్నది. పెద్ద దుకాణంలో అట్టపెట్టె మీద ముద్రించిన ధరను మారుమాట లేకుండా చెల్లించేవారే, సంతలో నేలమీద కూర్చొని చీపుళ్లు అమ్మే స్త్రీ దగ్గర ఐదు రూపాయల కోసం బేరమాడుతారు. ఆ ఐదు రూపాయలు ఆమె లాభం నుండి తగ్గవు, ఆమె కూలి నుండి తగ్గుతాయి. ఇది గ్రహించినప్పుడు వస్తువు ధరను చూసే దృష్టి మారుతుంది.

పొందూరులో రాట్నం తిప్పేవారిలో వయసు మళ్లినవారే ఎక్కువ. తల్లి నేర్చిన పనిని కూతురు నేర్చుకోకపోవడానికి ఆ పని మీద ఇష్టం లేకపోవడం కారణం కాదు. రోజంతా వడికితే వచ్చేది తల్లికి ఎంతో ఆమె చిన్నప్పటి నుండి చూస్తున్నది. పత్తి మరల పండించవచ్చు, రాట్నం మరల చేయించవచ్చు. వేళ్లకు తెలిసిన నేర్పు ఒక తరం పాటు ఆగిపోతే దానిని ఏ గ్రంథం నుండీ తిరిగి తెచ్చుకోలేము. కనుక హరిత వృత్తులను కాపాడుకోవడమంటే వాటిని పొగడడం కాదు. ఆ పని చేసే స్త్రీకి న్యాయమైన కూలి దక్కేట్లు చూడడం. అది జరిగిననాడు తల్లి చేతిలోని పనిని కూతురు తనంత తానే అందుకొంటుంది.